‘క్లోజర్’: ఆ సంగతి డాక్టరుకి ఎప్పుడు తెలిసింది?

పోయిన ఆదివారం పొద్దున్నే పిన్నితో వైజాగ్ బీచ్ రోడ్డు మీద నడుస్తూ, ముందురోజు రాత్రి చూసిన ‘క్లోజర్’ సినిమా కథ చెప్పబోయాను. కాళీమాత గుడి దగ్గర మొదలుపెట్టినవాణ్ని, సబ్‌మెరైన్ మ్యూజియం కనబడేసరికే మూడుసార్లు తడబడ్డాను. ఉన్నది నలుగురే. ఇద్దరు మగవాళ్లు, ఇద్దరు ఆడవాళ్లు. పైగా అందులో ఒకావిడ పేరు అన్నా, ఆవిడ మొగుడు డాక్టరు, పేరు లారీ. “ఆడపిల్లకి అన్న ఏటిరా, మనిషికి లారీ ఏటిరా” అని పిన్ని నవ్వడం మొదలెట్టింది, ఇంక కథ ఎక్కడ సాగుతుంది? “వీడు దాన్ని వదిలేసి దీనితో, దీని మొగుడు వెళ్లి వాడు వదిలేసిన పిల్లతో” అని చెప్పుకుంటూ పోతుంటే నా చెవులకే చవకబారుగా వినిపించింది. జరిగిన సంగతులు అవే, కానీ సినిమా చూస్తున్నప్పుడు అలా అనిపించలేదు.

పిన్ని ఆగి, చెప్పులో దూరిన ఇసుక దులుపుకుంటూ ఒక ప్రశ్న వేసింది. “అదంతా సరే గానీ, ఆ సంగతి డాక్టరుకి ఎప్పుడు తెలిసింది?”

ఏళ్ల తరబడి సీరియళ్లు చూస్తున్న మనిషి అడిగిన ప్రశ్న అది. దాన్ని పట్టుకుని ఇంటికొచ్చి ఒక కాగితం మీద గీస్తే చిక్కు విడిపోయింది. ఎవరు ఎవరితో ఉన్నారు అని గీస్తే బాణాలు ఒకదాని మీద ఒకటి పడి, కరెంటు స్తంభానికి చుట్టిన కేబుల్ వైర్లలా తయారవుతుంది. ఎవరికి ఏది ఎప్పుడు తెలిసింది అని గీస్తే గీత తిన్నగా వస్తుంది. ఇలాంటి సినిమాలు చూసి “అందరూ అందరితోనూ ఉన్నారు, నాకేం అర్థం కాలేదు” అనేవాళ్ల కోసం ఆ గీతని విడమరిచి చెప్తున్నా. కథంతా, ముగింపుతో సహా, బయటపడిపోతుంది. చూడనివాళ్లు చూసొచ్చి చదవండి, తర్వాత నన్ను తిట్టొద్దు.

సినిమా 2004లో వచ్చింది, దర్శకుడు మైక్ నికల్స్. ప్యాట్రిక్ మార్బర్ నాటకం ఒకటి 1997లో లండన్‌లో ఆడింది, దాన్ని ఆయనే సినిమాకి తిరగరాశాడు. డాన్‌గా జూడ్ లా, ఆలిస్‌గా నటాలీ పోర్ట్‌మన్, ఫొటోగ్రాఫర్ అన్నాగా జూలియా రాబర్ట్స్, చర్మం డాక్టరు లారీగా క్లైవ్ ఓవెన్. పిన్ని పుణ్యమా అని ఇక్కణ్నుంచి అన్నా కాస్తా ఆనా అయింది, లారీ ఉత్త డాక్టరయ్యాడు. తమాషా ఏంటంటే, నాటకం మొదటిసారి ఆడినప్పుడు క్లైవ్ ఓవెన్ వేసింది డాన్ వేషం. ఏడేళ్ల తర్వాత, అదే డాన్ చేతిలో మోసపోయే డాక్టరు వేషం వేసి ఆస్కార్ నామినేషన్ తెచ్చుకున్నాడు.

డాన్ పనిచేసేది పేపర్లో, చనిపోయినవాళ్ల గురించి రాసే విభాగంలో. అమెరికా నుంచి వచ్చిన ఒక అమ్మాయి, లండన్‌లో బళ్లు ఏ వైపు నుంచి వస్తాయో తెలియక రెండోవైపు చూస్తూ రోడ్డు దాటబోయి, అతని కళ్ల ముందే టాక్సీ గుద్ది పడిపోతుంది. ఆసుపత్రికి తీసుకెళ్తాడు. పేరు ఆలిస్ అని చెప్తుంది. అప్పటికే అతనికి ఒక గర్ల్‌ఫ్రెండ్ ఉంది, ఆ సంగతి మనం పట్టించుకునేలోపే ఆమె ఊసు కథలోంచి ఎగిరిపోతుంది. తర్వాతి సీన్‌కి డాన్ ఆలిస్‌తో కలిసి ఉంటున్నాడు, ఆమె జీవితాన్ని నవలగా రాసేశాడు, ఆ నవల అట్ట మీద వేసే ఫొటో కోసం ఆనా స్టూడియోలో కూర్చున్నాడు, కూర్చున్నవాడు ఊరుకోక ఆనాని ముద్దుపెట్టుకున్నాడు. మధ్యలో ఎన్ని నెలలు గడిచాయో ఎవరూ చెప్పరు.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఈ సినిమా మనుషులు కలుసుకోవడాన్నీ విడిపోవడాన్నీ చూపిస్తుంది, మధ్యలో కాపురాన్ని చూపించదు. కలిసి తిన్న భోజనాలు, దొంగచాటు ఫోన్లు, ఇంటికి ఆలస్యంగా వచ్చి చెప్పిన సాకులు, ఏవీ ఉండవు. ఆనా ఫొటోల ప్రదర్శన రోజు సాయంత్రం డాన్ ఆమెని బతిమాలడం చూస్తాం. ఆ తర్వాత ఇంట్లో ఆలిస్ ఎదురుగా నిలబడి, ఆనాతో ఏడాదిగా నడుస్తోందని చెప్పేస్తున్నాడు. ‘ఒక సంవత్సరం తర్వాత’ అని తెర మీద అక్షరాలు పడవు. మాటల్లో దొర్లుతుంది, చెవి అప్పజెప్పకపోతే జారిపోతుంది. ఆ ఏడాదిలోనే ఆనాకీ డాక్టరుకీ పెళ్లి కూడా అయిపోయింది. మనకి శుభలేఖ అందలేదు అంతే.

చాలామంది ఇక్కడే “ఇదేంటి, మధ్యలో అరగంట ఎగిరిపోయిందా” అని వెనక్కి తిప్పి చూసుకుంటారు. ఎగిరిపోలేదు. ఆలిస్ పరిస్థితి కూడా ఇదే కదా. ఆ ఏడాది ఆమె ఆ ఇంట్లోనే ఉంది, అతనికి టీ పెట్టింది, అతని పక్కనే పడుకుంది, అయినా ఆ ఏడాదిలో ఏం జరిగిందో ఇప్పుడే వింటోంది. ఆమెకి కనబడనిది మనకీ కనబడకూడదని ఆ ఏడాదిని కత్తిరించేశారు. మోసపోయినవాళ్ల కుర్చీలో మనల్ని కూర్చోబెట్టారన్నమాట, టికెట్ కొనుక్కున్నందుకు.

మనకి అలవాటైన పద్ధతి దీనికి తిరగబడి ఉంటుంది. శోభన్ బాబు ఇద్దరు హీరోయిన్ల సినిమాలు చూసి పెరిగిన ఇంట్లో పుట్టాను నేను. అక్కడ ప్రేక్షకుడికి అన్నీ తెలుసు. భార్యకి తెలియదు. ఆవిడ ఎదురుగా వస్తుంటే మనకి టెన్షన్, తెర మీద హీరోకి చెమట. ఇదే సరుకుని నవ్వులకి వాడితే 1998లో నాగార్జునకి టబు, హీరా ఇద్దరూ భార్యలైన ‘ఆవిడా మా ఆవిడే’ అవుతుంది. ఏడిపించినా నవ్వించినా సూత్రం ఒకటే: మనం మగవాడి గుట్టులో భాగస్వాములం. వాడు దొరికిపోతాడేమోనని మనం భయపడతాం. తప్పు వాడిదని తెలిసినా ఒక మూల వాడు బయటపడితే బాగుణ్ననిపిస్తుంది, అది మన తప్పు కాదు, కెమెరా వాడి భుజం మీద కూర్చోవడం వల్ల. పిన్ని ఈ మాట ఒప్పుకోలేదు. “నాకెప్పుడూ అలా అనిపించలేదు, ఆవిడకి తొందరగా తెలిస్తే బాగుణ్ననే అనిపించేది” అంది. సరే, మగ ప్రేక్షకుడికి అలా అనిపిస్తుందని దిద్దుకుంటున్నా.

దిద్దుకోవడం అంటే గుర్తొచ్చింది. గురజాడ అప్పారావు 1910లో రాసిన ‘దిద్దుబాటు’ కూడా ఈ బాపతు కథే. గురజాడ పుట్టిన ఎస్.రాయవరం మన వైజాగ్ నుంచి బస్సెక్కితే పోయే దూరమే. అర్ధరాత్రి దాకా సానిపాట వింటూ కూర్చున్న గోపాలరావు ఇంటికి వచ్చేసరికి భార్య కమలిని ఉండదు, పుట్టింటికి పోతున్నానని ఉత్తరం ఉంటుంది. అతను కిందామీదా పడి పశ్చాత్తాపపడ్డాక మంచం కింద నుంచి నవ్వు, నగల చప్పుడు. ఆవిడ ఎక్కడికీ వెళ్లలేదు. గోపాలరావుకి తెలియదు సరే, చదివేవాడికి కూడా చివరిదాకా తెలియదు. తెలిసిన సంగతిని తన చేతిలో ఉంచుకున్నది భార్య. మన ఆధునిక కథ మొదలైందే ఇలా, తర్వాత వచ్చిన సినిమాలే ఆ సంగతిని మగవాడి చేతికిచ్చేశాయి.

మళ్లీ లండన్ వెళ్దాం. అసలు డాక్టరు ఈ గొడవలోకి ఎలా వచ్చాడో చూడండి. డాన్ ఇంటర్నెట్ చాట్‌లో ఆడదానిలా నటిస్తూ, తన పేరు ఆనా అని చెప్పుకుని, డాక్టరుతో బూతులు మాట్లాడి, మర్నాడు అక్వేరియం దగ్గరికి రమ్మంటాడు. ఆనా మీద కసి, వేళాకోళం. డాక్టరు ఆశగా వెళ్తే అక్కడ నిజంగానే ఆనా ఉంటుంది. మన మత్స్యదర్శినిలో, గాజు అవతల చేపలు నోళ్లు తెరుచుకుని చూస్తుండగా, ముక్కూమొహం తెలియని ఆవిడ దగ్గరికి పోయి రాత్రి మాటల్ని కొనసాగిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి, అంత ఇబ్బంది. ఆ ఇబ్బందిలోంచే ఇద్దరికీ స్నేహం, పెళ్లి. డాన్ ఎవరిని ఏడిపించాలనుకున్నాడో ఆవిడకి మొగుణ్ని తెచ్చిపెట్టాడు, తర్వాత ఆ మొగుడి నుంచే ఆవిడని లాక్కోబోయాడు. ఈ అబద్ధం మాత్రం మనకి తెలిసే జరుగుతుంది. టైపు చేస్తున్నది డాన్ అని మనకి తెలుసు, డాక్టరుకి తెలియదు. బహుశా అందుకే సినిమా మొత్తంలో మనస్ఫూర్తిగా నవ్వొచ్చే చోటు అదొక్కటే.

నాకు ఎక్కువ నచ్చింది ఫొటో సంగతి. స్టూడియోలో డాన్, ఆనా ముద్దుపెట్టుకున్న కాసేపటికి ఆలిస్ వస్తుంది, వాళ్ల మాటలు వినేస్తుంది. అరవదు. డాన్‌ని బయటికి పంపించేసి, నాకూ ఒక ఫొటో తియ్యి అని ఆనా ఎదురుగా కూర్చుంటుంది. తనకి అంతా వినిపించిందని చెప్తుంది, కళ్లలో నీళ్లు తిరుగుతుండగా ఆనా క్లిక్‌మనిపిస్తుంది. ఆ ఫొటోనే తర్వాత ప్రదర్శనలో నిలువెత్తున గోడకి వేలాడుతుంది. వైన్ గ్లాసులు పట్టుకుని వచ్చినవాళ్లంతా ఎంత అందమైన దుఃఖం అని చూసి వెళ్తారు. ఆమె ఎందుకు ఏడ్చిందో తీసిన మనిషికి తెలుసు, దిగిన మనిషికి తెలుసు. ఫొటో పక్కన నిలబడి ఆ మాట ఎవరికీ చెప్పకుండా, ఈ ఫొటోలు అబద్ధం, పరాయివాళ్ల ఏడుపుని అందంగా చేసి చూపిస్తున్నాయని డాక్టరుతో అంటుంది ఆలిస్. డాక్టరు ఆనాతో తిరుగుతున్నవాడు. తన ఎదురుగా ఉన్న గోడ మీదే సాక్ష్యం ఉంది, చదవడం తెలియదంతే. ఈ సీన్ ఒక్కటి అర్థమైతే మిగతాదానికి నా వివరణ అక్కర్లేదు.

అయినా చెప్తాను, ఎందుకంటే కథలో పెద్ద దెబ్బలన్నీ రెండో సగంలో ఉన్నాయి. రెండు విడిపోవడాలు ఒకే రాత్రి జరుగుతాయి. ఇటు డాన్ ఆలిస్‌కి చెప్పేస్తాడు, ఆమె కోటు వేసుకుని వెళ్లిపోతుంది. అటు డాక్టరు న్యూయార్క్ నుంచి వచ్చి, అక్కడ డబ్బిచ్చి ఒకామెతో పడుకున్నానని తనంతట తనే ఒప్పుకుంటాడు. క్షమించేస్తుందనుకున్నాడు. ఆనా దానికి బదులుగా డాన్ సంగతి చెప్తుంది. చిన్న నోటిస్తే పెద్ద చిల్లర వచ్చింది. అప్పుడు మొదలవుతుంది ఆరా. ఎక్కడ, ఎన్నిసార్లు, ఈ ఇంట్లోనేనా, ఈ సోఫా మీదేనా, వాడు నాకంటే మెరుగా. ఆనా చెప్పనంటుంది, చెప్పించుకుంటాడు. ప్రతి జవాబూ అతన్నే కోస్తుంటుంది, అయినా ఇంకోటి అడుగుతాడు, పుండు మీద పొక్కు పీకేవాడిలా. చర్మం డాక్టరు మరి.

ఇదీ ఈ బాపతు కథల్లో అందరూ తేలిగ్గా దాటేసే మెలిక. అబద్ధం చెప్పి మోసం చేసేవాడు చెడ్డవాడు, నిజం కావాలనేవాడు మంచివాడు అని మనం సర్దేసుకుంటాం. ఇక్కడ నిజం అడిగే ప్రతివాడూ దాన్ని ఎదుటివాళ్ల మీద వాడుకోవడానికే అడుగుతాడు. విడాకుల కాగితాల మీద సంతకం కావాలంటే చివరిసారి నాతో పడుకోమంటాడు డాక్టరు. ఆనా ఒప్పుకుంటుంది, ఆ సాయంత్రమే నాటకశాలలో డాన్‌కి నిజం చెప్పేస్తుంది. నిజం నిజం అని తపించిన డాన్‌కి ఆ నిజం అరగదు. వాళ్లిద్దరి కథా అక్కడితో సరి. ఆనా మళ్లీ డాక్టరు దగ్గరికే పోతుంది. డాక్టరుకి కావలసిందీ ఇదే: ఆవిడకి నిజం దాచడం చేతకాదని, డాన్ నిజం భరించలేడని అతనికి ముందే తెలుసు. నలుగురిలో మిగతావాళ్ల లెక్క తెలిసినవాడు అతనొక్కడే, అందుకే గెలుస్తాడు. గెలిచి ఏం బాగుపడ్డాడన్నది వేరే సంగతి, చివర్లో ఆనా పక్కన పడుకుని మేలుకుని ఉంటుంది, ఆ మొహం చూసినవాళ్లకి తెలుస్తుంది.

డాన్ ఏడుస్తూ డాక్టరు క్లినిక్‌కి వస్తాడు. డాక్టరు జాలిపడి, ఆలిస్ ఎక్కడుందో చెప్తాడు, తిరిగి కలుసుకోమంటాడు. గుమ్మం దాటబోతుంటే మాత్రం, నేను ఆలిస్‌తో పడుకున్నాను అని ఒక మాట వదుల్తాడు. ఆ మాట జేబులో పెట్టుకుని డాన్ ఆలిస్ దగ్గరికి పోతాడు. ఎయిర్‌పోర్ట్ దగ్గర హోటల్ గది, పొద్దున్నే ఇద్దరూ అమెరికా వెళ్లిపోవాలి, బాగానే నవ్వుకుంటున్నారు. అప్పుడు అడుగుతాడు, డాక్టరుతో పడుకున్నావా అని. లేదంటుంది. నిజం చెప్పు, ఏం అనుకోను అంటాడు. ఇక్కడ కాగితం మీద గీసుకున్న గీత చూడండి: అడుగుతున్నవాడికి జవాబు ముందే తెలుసు. జవాబు చెప్పేది, అతనికి తెలుసని తెలియని పిల్ల. దీన్ని ప్రశ్న అనరు, వల అంటారు. ఆలిస్‌కి ఆ క్షణంలో అతని మీద ప్రేమ పోతుంది, పోయిందని చెప్తుంది, ఆ తర్వాత అడిగిన నిజమూ చెప్తుంది. అతను చెయ్యి చేసుకుంటాడు. ఏడాది పాటు ఆనాతో తిరిగినవాడు.

ఇదే కథ వైజాగ్‌లో జరిగితే అని పిన్నీ నేనూ నడుస్తూ చాలాసేపు వాదించుకున్నాం. జరగదని పిన్ని తీర్పు. జరగకపోవడానికి నీతి కారణం కాదట, జనం కారణం. ఇక్కడ ఒకడు ఒకామెతో కైలాసగిరి రోప్‌వే ఎక్కితే, దిగేలోపు పెదగంట్యాడలో ఉన్న మేనత్తకి ఫోన్ వెళ్తుంది. స్టీల్ ప్లాంట్ క్వార్టర్స్‌లో అయితే మరీను, స్కూటర్ ఎవరి గుమ్మం ముందు ఎంతసేపు ఆగిందో ఎదురింటివాళ్ల దగ్గర లెక్కుంటుంది. లండన్‌లో ఆ నలుగురికి చుట్టాల్లేరు, పక్కింటివాళ్లు లేరు, పనిమనిషి లేదు. గుట్టు నలుగురి మధ్యే తిరుగుతుంది. మన దగ్గర గుట్టు వీధంతా తిరిగి అందరికంటే ఆఖరున భార్యకి చేరుతుంది. అప్పుడావిడ అడిగే మొదటి ప్రశ్న “ఎందుకు చేశావు” అని కాకుండా “ఇంకెవరెవరికి తెలుసు” అని ఉంటుంది. పిన్ని తన ఎరికలో జరిగిన ఒక గొడవ గురించి చెప్పింది, వివరాలు ఇక్కడ అనవసరం, ఆ ఇంటి ఇల్లాలు మాత్రం మొగుణ్ని క్షమించింది గానీ ముందే తెలిసి చెప్పని ఆడపడుచుతో పదేళ్లు మాట్లాడలేదట.

“మరి వాళ్ల మీద కేసు అవదా?” అని కూడా అడిగింది పిన్ని. ఇదీ చాలామందికి ఉండే తికమకే, కాబట్టి ఆ నలుగురినీ కాసేపు మన చట్టం ముందు నిలబెడదాం. ఇప్పుడు లేని ఐపీసీ 497 సెక్షన్ ప్రకారం, ఇంకొకడి భార్యతో ఆ భర్త ఒప్పుకోలు లేకుండా సంబంధం పెట్టుకున్న మగవాడికి ఐదేళ్ల దాకా జైలు. ఆ లెక్కన సినిమాలో నేరస్తుడు డాన్ ఒక్కడే, అదీ ఆనాకి పెళ్లయిన రోజు నుంచి మాత్రమే. ఆనాకి శిక్ష లేదు, ఆ సెక్షన్ భార్యని నేరానికి తోడ్పడినట్టుగా కూడా చూడదు. డాక్టరు డబ్బిచ్చి పడుకున్నది ఇంకొకడి భార్యతో కాకపోతే కేసే లేదు, దాని మీద ఫిర్యాదు చేసే హక్కు ఆనాకి ఎలాగూ లేదు. ఆలిస్‌కి ఎవరి మీదా ఏమీ లేదు, ఆమె పెళ్లాం కాదు కదా. మోసపోయినవాళ్లని కాపాడే చట్టం అనుకుంటాం గానీ, అది చూసింది భర్త సొత్తుని మాత్రమే. 2018 సెప్టెంబర్ 27న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జిల బెంచ్ జోసెఫ్ షైన్ కేసులో దాన్ని కొట్టేసింది. ఐపీసీ బదులుగా 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ నేరం లేనేలేదు. అలాగని అక్రమ సంబంధం వల్ల ఏ చిక్కూ లేదనుకోకండి. హిందూ వివాహ చట్టం కింద విడాకులు అడగడానికి అదింకా ఒక కారణమే, భార్య అడిగినా భర్త అడిగినా.

సంతకం కోసం ఆనా పడిన పాట్లు మన ఫ్యామిలీ కోర్టుల చుట్టూ తిరిగేవాళ్లకి కొత్తేం కాదు. ఇద్దరూ ఇష్టపడి తీసుకునే విడాకులకి, పిటిషన్ వేశాక మామూలుగా ఆరు నెలలు ఆగాలి. ఆ గడువుని కోర్టు తగ్గించొచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది గానీ, తీర్పు వచ్చేలోపు ఇద్దరిలో ఎవరైనా మనసు మార్చుకోవచ్చు. ఆ మనసు మార్చుకోవడమే చాలామంది చేతిలో బేరం. డాక్టరు అడిగిన ధర దారుణం, బేరం మాత్రం తెలిసిందే.

ఇంటి మలుపు దగ్గరికి వచ్చేశాక పిన్నికి ఇంకో సందేహం వచ్చింది. మొదట్లో చెప్పాను కదా, ఆ పిల్ల పేరు ఆలిస్ అని చెప్పిందని. పరిచయమైన రోజున వాళ్లిద్దరూ ఒక పార్కులో తిరుగుతారు. లండన్‌లో నిజంగానే ఉన్న పోస్ట్‌మన్స్ పార్క్ అది. ఇతరుల్ని కాపాడబోయి ప్రాణాలు పోగొట్టుకున్న మామూలు మనుషుల పేర్లు అక్కడ పింగాణీ పలకల మీద రాసి ఉంటాయి. ఒక పలక మీద ఆలిస్ ఏయర్స్ అని ఉంటుంది, 1885లో మంటల్లోంచి పిల్లల్ని బయటపడేసి తను చనిపోయిన పనిపిల్ల. మన ఆలిస్ ఆ పేరు చూసి పెట్టేసుకుంది. చివర్లో డాన్ ఒక్కడే ఆ పార్కుకి వచ్చి ఆ పలక చదువుతాడు, అప్పటికి ఆమె న్యూయార్క్‌లో దిగిపోయింది, పాస్‌పోర్ట్ మీద జేన్ జోన్స్.

“అయితే అసలు పేరు ఎవరికీ చెప్పలేదా?” అంది పిన్ని.

చెప్పింది. డాక్టరుకి. విడిపోయాక ఆమె బట్టలు విప్పి ఆడే క్లబ్బులో పనికి చేరితే, డాక్టరు అక్కడికొచ్చి నోట్ల మీద నోట్లు పెడుతూ అసలు పేరు చెప్పమంటాడు. జేన్ జోన్స్ అంటుంది. మళ్లీ డబ్బులు పెడతాడు, మళ్లీ అదే చెప్తుంది. అలా చేతిలో డబ్బులయిపోయేదాకా అడుగుతాడు.

“చెప్పిందిగా, మళ్లీ ఎందుకడగడం?”

“నమ్మలేదు పిన్నీ.”

పిన్ని కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, ఇంట్లో పాలు లేవు, డెయిరీ బూత్ మూసేస్తాడు, తొందరగా నడవమంది.